సమానం మీట లేని మిషను

ఫోను మోగేసరికి ఆమె స్టూలెక్కి కిటికీకి తెర తగిలిస్తోంది. నోట్లో నాలుగు కొక్కేలు, చేతిలో రెండు. స్టూలు కదలకుండా పట్టుకోమని మొగుణ్ణి నిలబెడితే అతగాడు స్టూలు వదిలేసి ఆమె పాదాలు పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లయి ఇరవై రెండు రోజులు. ఆ మాత్రం పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి.

"ఫోను, ఫోను" అంది పళ్ల మధ్యనుంచి. అతను తీసి ఆమె చెవికి ఆనించాడు.

"రోడ్డు సర్వే ఆఫీసునుంచమ్మా. మిమ్మల్నే తీసుకున్నాం" అంది అవతలి గొంతు.

నోట్లో కొక్కేలు నాలుగూ గలగలమని నేల మీద రాలాయి. వాటి వెనకే ఆమె కూడా స్టూలు మీదనుంచి సరాసరి అతని మెడ మీదకి దిగింది. ఇద్దరూ కలిసి గోడకి గుద్దుకున్నారు. ముందుగదిలో పేపరు చదువుతున్న అత్తగారు కళ్లజోడు తీయకుండానే కేకేసింది.

"ఏం విరిగిందిరా?"

"ఏం విరగలేదమ్మా! ఉద్యోగం వచ్చింది!"

"మరా చప్పుడేంటి?"

"ఉద్యోగం చప్పుడే!"

ఆ చప్పుడుకి కారణం ఉంది. ఆమె రెండేళ్లుగా పనిచేస్తున్న ఊరు ఇక్కడికి రైల్లో ఏడు గంటల దూరం. పెళ్లికి పెట్టిన సెలవు వచ్చే బుధవారంతో అయిపోతుంది. ఇక్కడ పని దొరక్కపోతే మంగళవారం రైలెక్కాలి. తర్వాత నెలకి రెండు ఆదివారాల కాపురం. అతను లిఫ్టు మెకానిక్కు. పిలుపొస్తే ఆదివారమైనా వెళ్లక తప్పదు. అంటే ఆ రెండింట్లోనూ ఒకటి లిఫ్టులో పోతుంది.

ఫోనులో గొంతు ఇంకా ఏదో చెబుతోంది. ఆమె మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. "...అయితే పెద్దసార్ ఒక షరతు పెట్టారు. ఆయన కంటి ఆపరేషనుకి వెళ్తున్నారు. వెళ్లేలోగా సోమవారం పొద్దున ఆరున్నరకి బైపాసు మలుపు దగ్గర రోడ్డు వంపుకి గుర్తుగా గూటాలు మీరే పాతించాలి, ఆయన కుర్చీ వేసుకుని చూస్తారు. కుదిరితే మీరు, లేకపోతే జాబితాలో రెండో పేరు. ఇవాళే వచ్చి మిషను తీసుకెళ్లండి."

మిషనంటే ఏంటో ఆమెకి తెలుసు. ఇంటర్వ్యూలో పెద్దసార్ జేబులోంచి ఒక పాత కాలిక్యులేటర్ తీసి చూపించి, "ఇది వచ్చా?" అని అడిగాడు. ప్రోగ్రాములు రాసి దాచుకునే రకం అది. కాలేజీలో అలాంటిది దూరంనుంచి చూసింది. "వచ్చండి" అంది. దూరంనుంచి చూడటం కూడా ఒక రకంగా రావడమేనని అప్పుడనిపించింది.

*

పెద్దసార్ గదిలో బల్ల మీదా, కుర్చీల మీదా, చివరికి ఆయన కనుబొమ్మల మీద కూడా సన్నటి ఎర్రదుమ్ము. చొక్కా జేబులోంచి మిషను తీసి, బిడ్డని అప్పగించినట్టు రెండు చేతులతో అందించాడు. కొన్ని మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి.

"ఇందులో మూడు ప్రోగ్రాములున్నాయమ్మా. మలుపుకొకటి, విస్తీర్ణానికొకటి, నేలమట్టానికొకటి. పద్దెనిమిదేళ్లనుంచి రాసుకుంటూ, దిద్దుకుంటూ వచ్చినవి. మిషను ఎక్కడైనా కొనుక్కోవచ్చు. లోపలున్నది కొనలేం."

"ఫోను వాడకూడదా సార్?"

"ఎండలో కనబడదు. దుమ్ముకి ఆగదు. లెక్క మధ్యలో మీ ఆయన ఫోన్ చేస్తాడు."

ఆమె నవ్వాపుకుంది. ఆయన నవ్వలేదు. ఒక చిన్న నోటుపుస్తకం కూడా చేతిలో పెట్టాడు. "సూత్రాలు ఇందులో ఉన్నాయి. ఇంకో మాట. బ్యాటరీ సెల్లు మార్చాల్సొస్తే ఒకటి తీసి ఒకటి పెట్టు. నిమిషం దాటిందంటే లోపలివన్నీ పోతాయి. నీకు చెప్పక్కర్లేదులే, వచ్చన్నావుగా."

"వచ్చండి" అంది రెండోసారి.

ఆ సెల్లు మాట ఇంటికెళ్లి చెప్పాలని దారంతా అనుకుంది. తలుపు తెరిచేసరికి మొగుడు ఒక్కడే తెరలన్నీ తగిలించి, ఒకటి తిరగేసి తగిలించి, గర్వంగా నిలబడి ఉన్నాడు. ఆ తెరను చూసి ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. సెల్లు మాట ఆ నవ్వులో ఎటో పోయింది.

*

శనివారం పొద్దున భోజనాలబల్ల ముందు కూర్చుని రెండూ మూడూ కలపబోయింది. రెండు నొక్కింది, కూడిక నొక్కింది, మూడు నొక్కింది. సమానం మీట కోసం వెతికింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. ఆ మిషనుకి సమానం మీటే లేదు. తెర మీద మూడు కనబడుతోంది. రెండూ మూడూ కలిపితే మూడేనట.

"అత్తయ్యా, ఈ మిషను కూడికే తప్పు చేస్తోంది."

అత్తగారు ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు హెడ్ నర్సుగా చేసి మొన్నే రిటైరైంది. మిషన్లంటే ఆవిడకి భయం లేదు, గౌరవమూ లేదు. కోడలి భుజం మీదుగా తొంగిచూసింది.

"నువ్వేం చేశావ్?"

"రెండు, కూడు, మూడు."

"సామాను గట్టు మీదకి రాకముందే పొయ్యి వెలిగిస్తే అదేం వండుతుందమ్మా? ముందు రెండూ దాని ముందు పెట్టు. తర్వాత పని చెప్పు."

ఆమె రెండు నొక్కి, వెడల్పాటి 'ఎంటర్' మీట నొక్కింది. మూడు నొక్కింది. అప్పుడు కూడిక నొక్కింది. అయిదు! బల్ల మీద దరువేసింది. ఎంత చిన్న అయిదు, ఎంత పెద్ద ఆనందం! అత్తగారు మాత్రం, "రెండూ మూడూ అయిదని నాకు ముందే తెలుసు" అని వంటగదిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రానికి పెద్దసార్ మలుపు ప్రోగ్రాము కూడా నడిపించింది. నోటుపుస్తకంలో పాత మలుపు ఒకదానికి ఆయన లెక్క చేసి పెట్టిన జవాబుంది. వ్యాసార్థం మూడు వందల మీటర్లు, రెండు రోడ్లు తిరిగే కోణం నలభై రెండు డిగ్రీల ముప్పై నిమిషాలు. రోడ్లు కలిసే చోటునుంచి ఎంత వెనక్కొచ్చి మలుపు మొదలెట్టాలో మిషను చెప్పాలి. 300 కొట్టింది, 42.30 కొట్టింది. 116.66 మీటర్లు. పుస్తకంలోనూ అదే! మొగుడు డ్యూటీనుంచి రాగానే మళ్లీ చేసి చూపించింది. అతను చప్పట్లు కొట్టి ఇంకోసారి చేయమన్నాడు. ఇంకోసారి కూడా 116.66 వచ్చింది. ఏడు గంటల రైలు దూరం ఆ నాలుగంగుళాల మిషనులో ఇమిడిపోయినట్టనిపించింది.

*

ఆదివారం పొద్దున ఆమె స్నానానికి వెళ్లొచ్చేసరికి బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. పేపరు మీద దూది, స్పిరిట్ సీసా, పళ్లు తోమే పాత బ్రష్షు. మధ్యలో మిషను బోర్లా పడుకుని ఉంది. వీపు తెరిచి ఉంది. సెల్లు మూడూ పక్కన వరసగా పెట్టి ఉన్నాయి.

మొగుడు తల పైకెత్తి వెలుగుతున్న మొహంతో చూశాడు. "తెర మీద బ్యాటరీ గుర్తు వచ్చింది. లిఫ్టు మెకానిక్ పెళ్లాం చేతిలో చచ్చిన బ్యాటరీలుంటే నా పరువేం కావాలి? కొత్తవి తెచ్చా. స్ప్రింగులకి పట్టిన చిలుం కూడా గీకి, కడిగి పెట్టా."

"ఎంతసేపయింది తీసి?"

"ఇరవై నిమిషాలు. స్పిరిట్ ఆరాలిగా. నేనేదీ తూతూమంత్రంగా చేయను."

ఇంకొకడైతే పాతవి పీకి కొత్తవి కుక్కి అర నిమిషంలో లేచిపోయేవాడు. ఇతను మంచి పనివాడు. అదే కొంప ముంచింది.

ఆమె గబగబా సెల్లు వేసింది. మూడోది రెండుసార్లు జారింది. మీట నొక్కింది. తెర మీద ఇంగ్లీషులో రెండే మాటలు వచ్చాయి. జ్ఞాపకం పోయిందని.

"ఏం చేశావ్ నువ్వు!" అని అరిచింది.

అత్తగారి ఎదుట మొగుణ్ణి మీరనీ ఏమండీ అనీ పిలవడం, ఆవిడ లేనప్పుడు నువ్వనడం ఇరవై నాలుగు రోజులుగా తూచా తప్పకుండా సాగుతోంది. ఇరవై అయిదో రోజున అది అత్తగారి ముందే తుస్సుమంది. అత్తగారు విననట్టు పేపరు తిప్పింది.

విషయం విన్నాక అతను తీసేసిన పాత సెల్లు మూడూ గుప్పిట్లో పట్టుకున్నాడు. "ఇవి మళ్లీ పెడితే... జ్ఞాపకాలు వెనక్కి రావా?"

"అవి సెల్లండీ. పూర్వజన్మలు కావు."

ఆమె ఫోను తీసింది. పెద్దసార్ నంబరు మీద వేలు పెట్టింది, తీసింది, పెట్టింది. ఏమని చెప్పాలి? వచ్చండి, వచ్చండి అన్న నోటితో, మీ పద్దెనిమిదేళ్ల పని స్పిరిట్‌తో కడిగేశామండీ అని చెప్పాలా? ఆ ఒక్క ఫోనుతో రెండో పేరు మొదటి పేరవుతుంది. వేలు తీసేసింది. నోటుపుస్తకం దగ్గరికి లాక్కుంది.

"మలుపు ప్రోగ్రాము నేనే రాస్తాను. సూత్రం ఉంది, జవాబుంది. ఎంతసేపు!"

అప్పుడు తొమ్మిదిన్నర.

*

ప్రోగ్రాము రాయడమంటే మిషనుకి ఒక పని నేర్పడం. మనం వేలితో నొక్కే మీటలన్నీ అదే వరసలో దాని చేత ఒప్పజెప్పించుకోవడం. ఏ ఒక్కటి తప్పినా మొదటికొస్తుంది. పైగా తెర మీద ఒకసారికి ఒక్క అడుగే కనబడుతుంది. గది మొత్తాన్ని తాళం కన్నంలోంచి చూసినట్టు.

పదకొండింటికి మొదటిసారి నడిపింది. మైనస్ 335.

"మైనస్సంటే?" అన్నాడు మొగుడు గుమ్మంలోంచి. లోపలికి రావడానికి ధైర్యం చాలడం లేదు.

"రోడ్డు వెనక్కి నడుస్తోందని."

అడుగడుగూ మళ్లీ చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ఒక గంట గడిచాక తెర పైఅంచున చీమంత మూడక్షరాలు కంటబడ్డాయి. జ్ఞాపకంతోపాటు మిషను డిగ్రీలు కూడా మర్చిపోయి రేడియన్లలో కొలుస్తోంది. డిగ్రీలకి మార్చి, 300 కొట్టి, 42.30 కొట్టింది.

116.06.

మొగుడు గదిలోకి ఒక అడుగు వేశాడు. "వచ్చేసింది!"

"రాలేదు. అరవై ఆరు రావాలి. సున్నా ఆరు వచ్చింది."

"అరవై సెంటీమీటర్లే కదా. అంత పొడుగు రోడ్డులో..."

"లిఫ్టు గచ్చుకి అరవై సెంటీమీటర్ల కింద ఆగితే ఏం చేస్తారు?"

అతను వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

మొత్తం చెరిపేసి మళ్లీ రాసింది. 116.06. మళ్లీ చెరిపింది. మళ్లీ అదే. మైనస్ వచ్చినప్పుడే నయం, తప్పు తప్పులా కనబడింది. ఇది ఒప్పు వేషం కట్టుకుని వచ్చి కూర్చుంది, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. నిన్న ఇవే అంకెలు కొట్టింది. ఇదే మిషను, ఇవే వేళ్లు. నిన్న 116.66 వచ్చింది. అంటే సూత్రమైనా తప్పుండాలి, తనైనా తప్పుండాలి. పెద్దసార్ సూత్రం తప్పని అనుకోలేదు. మిగిలింది తనే.

రెండింటికి భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది. మొగుడు కంచం పక్కన పెడితే చూడనైనా లేదు. ఇంకోసారి 116.06 రాగానే లేచి, స్నానాలగదిలోకి పోయి, పంపు పూర్తిగా తిప్పి ఏడ్చింది. ఎంత వదిలినా ఆ పంపు సన్నగానే వస్తుంది. ఏడుపంతా బయటికి వినబడింది.

మొహం కడుక్కుని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఫోనులో మంగళవారం రైలు ఎన్నింటికో చూసింది. పొద్దున తొమ్మిది ఇరవై. ఖాళీలున్నాయి. అన్ని ఖాళీలు ఎందుకున్నాయో అని మళ్లీ కళ్లు నిండాయి.

"నేను తొందరపడకుండా ఉండాల్సింది" అన్నాడు అతను, గోడతో చెబుతున్నట్టు.

"మీరు తొందరపడి ఉంటేనే బాగుండేది. నిమిషంలో పెట్టేసేవారు" అంది. తిట్టబోయిన మాట తనకే నవ్వు తెప్పించింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. అతను వచ్చి పక్కన కింద కూర్చుని, ఆమె మోకాలి మీద తల ఆనించాడు. అత్తగారు గుమ్మంలో ఉందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కదల్లేదు.

*

"లేవరా పక్కకి" అంది అత్తగారు. కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. "మా వార్డులో ప్రమాదకరమైన మందు ఎక్కించేముందు ఇద్దరం చూసేవాళ్లం. ఒకరు పైకి చదవాలి, ఒకరు చెయ్యాలి. ఒంటరిగా చూస్తే కన్ను తన తప్పు తాను చూసుకోదు. ఆ పుస్తకం ఇటివ్వు. నేను చదువుతా, నువ్వు ఏం నొక్కుతున్నావో పైకి చెబుతూ నొక్కు."

"అత్తయ్యా, పదిసార్లు చూశాను."

"పదకొండోసారి నాకోసం."

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చదివింది. "వ్యాసార్థం మూడు వందలు."

"మూడు, సున్నా, సున్నా."

"కోణం నలభై రెండు డిగ్రీల ముప్పై నిమిషాలు."

"నాలుగు, రెండు, చుక్క, మూడు, సున్నా."

"ఆగాగు. ముప్పై నిమిషాలంటే ఎంత?"

"ముప్పై నిమిషాలే."

"అర కదా? డిగ్రీకైనా గంటకైనా అరవై నిమిషాలేగా? మరి అరకి చుక్క ముప్పై కొడతావేంటి? కొత్తగా చేరిన ప్రతి పిల్లా ఇదే పని చేసేది నా దగ్గర. అయిదున్నర గంటల డ్యూటీని 5.30 అని కొట్టి వారం మొత్తం కూడేది. కూడితే ఎవరికీ సరిపోయేది కాదు. మిషనుకి చుక్క తర్వాత పదులూ వందలూ తప్ప ఇంకేం తెలుస్తుంది?"

ఆమె నోరు తెరిచింది. మూయలేదు.

"కానీ నిన్న... నిన్న 42.30 కొడితేనే సరిగ్గా వచ్చింది!"

"నిన్న లోపలున్నది ఎవరు రాసింది?"

పెద్దసార్ రాసింది. కోణాన్ని మనుషులు రాసుకునే తీరులోనే కొట్టమని, లోపల తనే దాన్ని మార్చుకునేలా ఒక అడుగు పెట్టి ఉంటాడు. పద్దెనిమిదేళ్ల అలవాటు. ఊపిరి పీల్చుకోవడం గురించి ఎవరూ పుస్తకంలో రాసుకోరు. ఆయనా రాసుకోలేదు.

మీటల మధ్య అరిగిపోయిన నీలిరంగు బాణం గుర్తొకటుంది. నిమిషాలని దశాంశంగా మార్చే మీట అది. గడియారాల లెక్కకి కాబోలనుకుని శనివారమంతా దాన్ని వదిలేసింది. ప్రోగ్రాములో కోణం తర్వాత ఆ ఒక్క అడుగు ఇరికించింది.

"మూడు వందలు" అంది అత్తగారు.

"మూడు, సున్నా, సున్నా."

"నలభై రెండు, ముప్పై."

"నాలుగు, రెండు, చుక్క, మూడు, సున్నా."

తెర ఒక్క క్షణం మినుకుమంది. 116.66.

మొగుడు గెంతాడు. ఎత్తుకోబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది, అలాగని వదల్లేదు. కంచంలో చల్లారిపోయిన అన్నం నాలుగు ముద్దలు గబగబా తిని, మిగతా లెక్కలో పడింది. రేపటి మలుపుకి పదమూడు గూటాలు. ఒక్కో గూటానికి కోణాలు కొలిచే పరికరాన్ని ఎంత తిప్పాలో మిషను చెప్పింది, అత్తగారు చదివింది, ఆమె కాగితం మీద చేత్తో మళ్లీ చేసింది. కిటికీ అవతల ఎండ పసుపుపచ్చబడే వేళకి పదమూడూ సరిపోయాయి.

అప్పుడు నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు తిప్పింది. విస్తీర్ణం ప్రోగ్రాముకి సూత్రం ఉంది, సరిచూసుకోవడానికి జవాబు లేదు. మట్టం ప్రోగ్రాముకి సగం సూత్రమే ఉంది. మిగతా సగం పొద్దున తొమ్మిదింటిదాకా మిషనులో ఉండేది. ఆ ముసలాయన రాసుకోని ఊపిరులు ఇంకెన్నున్నాయో ఎవరికి తెలుసు? పొద్దుటి బరువు మళ్లీ వచ్చి గుండె మీద కూర్చుంది.

అతను ఆ మొహం చదివాడు. గొంతు తగ్గించి అన్నాడు. "రేపు చూసేది మలుపొక్కటేగా. మిగతావి ఆయన అడిగినప్పుడు... ఆపరేషనుకి వెళ్లొచ్చాక మెల్లగా..."

"మెల్లగా ఏంటి? ఆయన తిరిగొచ్చి మీట నొక్కినప్పుడు తెలియాలా?"

"చెబితే నిన్ను పంపేస్తాడేమో. పంపేస్తే..." రైలు మాట నోటిదాకా వచ్చి ఆగింది. "పోనీ, తీసింది నేనని నేనే వచ్చి చెబుతా. తిడితే నన్ను తిడతాడు."

"మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకోలేదాయన" అంది ఆమె.

అత్తగారు పుస్తకం మూసి, కోడలి ముందుకి జరిపి, ఆమె ఏమంటుందోనని చూస్తూ కూర్చుంది.

ఆమె మిషను ఆపి పుస్తకం మీద పెట్టింది. భయం ఎక్కడికీ పోలేదు. అయినా గొంతు ఆశ్చర్యంగా మామూలుగానే వచ్చింది.

"ఆయన ఆరున్నరకొస్తారు. రేపు నేను ఆరింటికే అక్కడుంటాను. కుర్చీలో కూర్చోకముందే చెప్పేస్తాను, మూడు ప్రోగ్రాములూ పోయాయని, మలుపుది నేను రాశానని. నాకు మిషను రాకుండానే వచ్చన్నానని కూడా చెబుతాను. ఆ తర్వాత గూటాలు పాతనిస్తే పాతుతాను. కంటికి కట్టు కట్టేలోగా మిగతా రెండూ నోటితో చెప్పమని, నేను రాసుకుంటానని అడుగుతాను. పొమ్మంటే..." ఫోను బోర్లా తిప్పి పెట్టింది. "పొమ్మన్నాక ఆలోచిద్దాం. అయిదుంపావుకి బయల్దేరాలి. నన్ను బండి మీద దింపి నువ్వు వెనక్కి వచ్చేసెయ్. అత్తయ్యా, నాలుగున్నరకి లేపండి మమ్మల్ని."